ఒక్కసారే యాభై మంది వస్తే పెద్దాస్పత్రి ఏం చేయాలి

మిర్చి ఏరే రోజుల్లో తెల్లవారుజామున మా వరంగల్ వైపు రోడ్ల మీద ఆటోలు చూసే ఉంటారు. ముగ్గురు కూర్చునే చోట పదిహేను మంది ఆడవాళ్లు, టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు బయటికి వేలాడేసి. ఒక ఫిబ్రవరి పొద్దున అలాంటి ట్రాలీ ఆటో ఒకటి లారీని గుద్దుకుని బోల్తా పడింది. నేనప్పుడు ఒక పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. మొదట వచ్చినవాళ్లు నడిచొచ్చారు. దారిన పోయే కార్లవాళ్లు, ఆటోలవాళ్లు ఎక్కించుకొచ్చారు. మోచేతులు గీరుకుపోయి, నుదుటి మీద రక్తంతో, ఏడుస్తూ పదకొండు మంది. మాకున్నవి పన్నెండు మంచాలు. వచ్చినవాళ్లను వచ్చినట్టు పడుకోబెట్టాం, డాక్టర్లు కుట్లు వేయడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలకు 108 బండ్లొచ్చాయి, ఆటో కింద ఇరుక్కున్నవాళ్లను తీసుకొచ్చాయి. వాళ్లందరికీ సరిపడా మంచాల్లేవు. కడుపు ఉబ్బి, చప్పుడు చేయకుండా పడున్న ఒక పెద్దమ్మను స్ట్రెచర్‌తో సహా ఎక్స్‌రే గది తలుపు పక్కన పెట్టాం. మోచేతి మీద ఎవరిదో పేరు పచ్చబొట్టు ఉంది, అది ఇప్పటికీ గుర్తు. ఆమెను మళ్లీ ఎవరైనా పట్టించుకునేసరికి నలభై నిమిషాలు దాటింది. ఆమె బతకలేదు.

ఆ రోజు డాక్టర్లకు కొదవ లేదు. హాస్టల్ నుంచి పీజీలు, అంటే పైచదువు చదివే డాక్టర్లు, బనియన్ల మీదే పరుగెత్తుకొచ్చారు. రక్తం ఉంది, ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉంది. లేనిదల్లా గుమ్మం దగ్గర నిలబడి "మీరిటు, మీరటు" అని చెప్పే ఒక మనిషి. అప్పట్నుంచి ఈ పనినే పట్టుకున్నాను, ఇప్పుడు ప్లాన్లు రాయడం, మాక్ డ్రిల్లులు చేయించడం నా డ్యూటీలో భాగం. ఆస్పత్రిలో పనిచేసే ఎవరికైనా, సెక్యూరిటీ గార్డు నుంచి సూపరింటెండెంట్ దాకా, పనికొచ్చేలా నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక లెక్క తేల్చుకోండి, ఎంతమంది వస్తే దాన్ని మామూలు రద్దీ అనకూడదు? దీనికి అన్ని ఆస్పత్రులకూ సరిపోయే అంకె లేదు. యాభై పడకల ఏరియా ఆస్పత్రికి అర్ధరాత్రి ఒక్క డ్యూటీ డాక్టర్ ఉన్నప్పుడు ఎనిమిది మంది వచ్చినా విపత్తే. మన వరంగల్ ఎంజీఎం లాంటి, వెయ్యికి పైగా పడకలున్న బోధనాసుపత్రికి పగటిపూట ఎనిమిది మంది అంటే మామూలు పనే. ఉన్న చేతులకు మించి పని వచ్చిపడటమే అసలు కొలత. మీ ఆస్పత్రికి మీరే మూడు మెట్లు పెట్టుకోండి. మొదటి మెట్టులో క్యాజువాలిటీ ఒక్కటే సర్దుకుంటుంది, రెండో మెట్టులో సర్జరీ, ఆర్థో (ఎముకలు), ఎనస్థీషియా (మత్తు) వాళ్లు కిందికి రావాలి, మూడో మెట్టులో ఆస్పత్రి మొత్తం మామూలు పని ఆపేయాలి. పగటికి ఒక అంకె, రాత్రికి ఒక అంకె రాసి గోడకు అంటించండి.

ఈ మెట్టు ప్రకటించే అధికారం ఎవరిదో కూడా రాసి పెట్టండి. సూపరింటెండెంట్ గారి ఫోన్ కలిసేదాకా ఆగడం చాలాచోట్ల చూశాను. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసర్‌కే ఆ అధికారం ఇచ్చేయండి, రాతపూర్వకంగా. అనవసరంగా ప్రకటించారని తర్వాత ఎవరూ మందలించకూడదు, ఆ మాట కూడా ఆ కాగితంలోనే ఉండాలి. ఒక్కసారి మందలిస్తే ఆ తర్వాత అందరూ పది నిమిషాలు ఆలోచిస్తూ కూర్చుంటారు.

మన దగ్గర ఏం జరగొచ్చు

ప్లాన్ అంటే ఎక్కడో భూకంపం గురించి రాసింది తెచ్చి కవర్ పేజీ మార్చడం కాదు. మీ ఆస్పత్రికి వంద కిలోమీటర్ల లోపల ఏముందో మ్యాప్ పెట్టుకుని చూడండి. కాజీపేట జంక్షన్ ఉంది, రోజంతా రైళ్లే. భూపాలపల్లి, రామగుండం వైపు సింగరేణి గనులున్నాయి. రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం జాతర, అడవి మధ్యలో లక్షల మంది ఒకేచోట. వానాకాలం గోదావరి, వాగులు ఎలా పొంగుతాయో 2023 జూలైలో మోరంచపల్లి వాళ్లు ఇళ్ల పైకప్పులెక్కినప్పుడు అందరం చూశాం. ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలున్నాయి, వాటిలో చల్లదనానికి సాధారణంగా వాడేది అమ్మోనియా. 2018లో వరంగల్ శివార్లలోని ఒక బాణసంచా గోదాము పేలి కూలి చేసుకునేవాళ్లు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద వందమందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు.

ఇవన్నీ పెద్దవి. తరచుగా వచ్చేది వేరే ఉంది, హాస్టల్ పిల్లలు. రాత్రి అన్నం వికటించి తెల్లారేసరికి నలభై మంది ఆడపిల్లలు వాంతులు, విరేచనాలతో ఒకే బస్సులో దిగుతారు. వీళ్లకు సర్జన్ అక్కర్లేదు. సెలైన్ స్టాండ్లు, బకెట్లు, బాత్రూమ్‌లు, పిల్లల చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పెట్టడం వచ్చిన నర్సులు కావాలి. రోడ్డు ప్రమాదం కోసం రాసిన ప్లాన్ ఆ రోజు ఎందుకూ పనికిరాదు. అందుకే గాయాలు, కాలినవి, విషవాయువు, తిండి వికటించడం, ఈ నాలుగింటికీ నాలుగు విడి పేజీలు ఉండాలి.

గ్యాస్ విషయం ఒకటి ఇక్కడే చెప్తాను. 2020 మే 7న విశాఖలో స్టైరిన్ లీకైనప్పుడు వందల మంది ఒకేసారి ఆస్పత్రులకు చేరారు. అలాంటప్పుడు ఎవర్నీ నేరుగా లోపలికి తీసుకోకూడదు. బయటే, ఆరుబయట, బట్టలు విప్పించి నీళ్లతో బాగా కడగాలి. ఒంటి మీద ఉన్న రసాయనంలో ఎక్కువ భాగం బట్టలతోనే పోతుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరుగా పరదాలు, కట్టుకోవడానికి దుప్పట్లు ముందే ఉండాలి, లేదంటే మన ఆడవాళ్లు ప్రాణం పోతున్నా చీర విప్పరు. గార్డెన్‌కు నీళ్లు పట్టే పైపు, రెండు టెంట్ పరదాలు, వంద దుప్పట్లు. ఖర్చు పెద్దది కాదు.

కాగితం ఎంత ఉండాలి

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లోనే దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని చదివి ఎనభై పేజీల ఫైలు తయారుచేసి బీరువాలో పెట్టిన ఆస్పత్రులు చాలా ఉన్నాయి. ఫైలు ఉండనివ్వండి, తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు. కానీ ఆ రోజు ఎవరూ ఫైలు తెరవరు. ఒక్కో పనికి ఒక్కో కార్డు చేయండి. అరచేతి కన్నా కొంచెం పెద్దది, లామినేషన్ చేయించి, ఆ మనిషి నిలబడే చోటే మేకుకు వేలాడదీయాలి. పేర్లు రాయకండి, మనుషులు బదిలీ అవుతారు, సెలవు పెడతారు. పని పేరు రాయండి. తెలుగులో రాయండి. మా గేటు గార్డు కార్డు ఇది:

"1. మెయిన్ గేటు బండ్లకే. నడిచొచ్చే చుట్టాలు, జనం ఓపీ గేటు వైపు. 
2. ఒక గేటులోంచి బండి లోపలికి, రెండో గేటులోంచి బయటికి. ఎదురు రానివ్వొద్దు. 
3. దించగానే బండి వెళ్లిపోవాలి. డ్రైవర్ బండి దిగి పక్కకు పోవద్దు. 
4. తెచ్చినవాళ్లను ఆపొద్దు, పోలీసుల కోసం నిలబెట్టొద్దు. 
5. ర్యాంపు మీద బైకులు ఉంటే తాళం లేకపోయినా లేపి పక్కన పెట్టు. 
6. ఎవరైనా వాదిస్తే నువ్వు వాదించొద్దు, ఔట్‌పోస్ట్ కానిస్టేబుల్‌ని పిలువు."

నాలుగోది ఎందుకంటే, కేసులో ఇరుక్కుంటామని భయపడి గాయపడ్డవాళ్లను గేటు బయటే దించేసి పోయేవాళ్లున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షన్ పెట్టి, సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చారు. పేరు చెప్పడం కూడా వాళ్ల ఇష్టమే. గార్డుకు ఆ సంగతి తెలిస్తే వాళ్లకు ధైర్యం చెప్తాడు.

ఇలాంటి కార్డులు క్యాజువాలిటీ సిస్టర్ ఇన్‌చార్జికి, బ్లడ్ బ్యాంకుకు, ఫార్మసీకి, ఎక్స్‌రేకి, లిఫ్ట్ ఆపరేటర్‌కి, మార్చురీకి, వంటగదికి కూడా కావాలి. లిఫ్ట్ ఆపరేటర్‌ను అందరూ మర్చిపోతారు. మూడో అంతస్తులో థియేటర్ ఉండి, ఆ టైమ్‌లో లిఫ్టులో చుట్టాలు, టీ ఫ్లాస్కులు తిరుగుతుంటే పేషెంట్ కింద ఎదురుచూస్తాడు.

అందరిపైనా ఒక్క మనిషి ఉండాలి, కమాండర్ అనండి, ఇన్‌చార్జి అనండి. అతను పేషెంట్‌ను ముట్టుకోకూడదు. ఇది మన డాక్టర్లకు చాలా కష్టం, ఎదురుగా రక్తం కారుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం వాళ్ల వల్ల కాదు. కానీ అతను ఒక్క పేషెంట్ మీద వంగాడంటే మిగతా నలభై తొమ్మిది మంది సంగతి ఎవరికీ తెలియదు. ఒక తెల్లబోర్డు, ఒక మార్కర్, ఒక ల్యాండ్‌లైన్, పక్కన రాసిపెట్టడానికి ఒక నర్సు, అంతే అతని సరంజామా.

సామాను, తాళంచెవి, సంచి

విపత్తు బీరువా అని ఒకటి క్యాజువాలిటీ పక్కనే ఉండాలి. యాభై మందికి మేం పెట్టుకున్న లెక్క: 16, 18 సైజు క్యాన్యులాలు నూరేసి, రింగర్ లాక్టేట్ సెలైన్ అరలీటరు సీసాలు నూటయాభై, ఛాతీలో నిండిన గాలి, రక్తం బయటికి తీసే ఐసీడీ గొట్టాల సెట్లు పది, చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే అంబు బ్యాగులు ఆరు, పిల్లలవి రెండు, రక్తం ఆగేలా బిగించే టూర్నికెట్లు పది, విరిగిన చోట కట్టే రకరకాల చెక్క స్ప్లింట్లు నలభై, గాజ్ గుడ్డ కట్లు లెక్కలేనన్ని, బట్టలు కత్తిరించే కత్తెరలు ఎనిమిది. కత్తెరలు నవ్వులాట కాదు, చీర, లంగా, రక్తంతో అతుక్కుపోయిన జాకెట్టు విప్పడానికే పది నిమిషాలు పోతాయి. పైపులో ఆక్సిజన్ ఉన్నా జంబో సిలిండర్లు పక్కన ఉండాలి, వాటి స్పానర్ వాటికే కట్టి ఉండాలి.

బీరువాకు తాళం వేయకండి. నేను చూసిన ఒకచోట తాళంచెవి స్టోర్ ఫార్మసిస్ట్ దగ్గర ఉండేది, ఆయన పెళ్లికని ఊరెళ్లాడు. బోల్టు కట్టర్ దొరికేదాకా అందరం ఆ బీరువా ముందు నిలబడ్డాం. ప్లాస్టిక్ సీలు వేస్తే చాలు, తెంపితే తెలుస్తుంది, నెలకోసారి చూసి మళ్లీ వేస్తారు. గడువు తీరే మందులను రెండు నెలల ముందే వార్డుల్లోకి వాడుకకు పంపి కొత్తవి పెట్టాలి.

ఇంకొకటి, దీన్ని నేను అందరికీ చూపిస్తుంటాను, నంబరు సంచి. జిప్ ఉన్న ఒక కవరు. అందులో ఒక కేస్‌షీట్, ఒక చేతిపట్టీ, ఎంఎల్‌సీ (పోలీసు కేసు) కాగితం, రక్తం సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచ్ ఫారం, రక్తం శాంపిల్ తీయడానికి రెండు చిన్న సీసాలు, వస్తువులు వేయడానికి ఒక గుడ్డసంచి, మార్కర్ పెన్ను. వీటన్నిటి మీదా ముందే ఒకే నంబరు రాసి ఉంటుంది, వి-001 నుంచి వి-100 దాకా. పేషెంట్ గుమ్మం దాటగానే ఒక సంచి అతని స్ట్రెచర్‌కు తగిలిస్తారు. పేరు తెలిసినా తెలియకపోయినా డిశ్చార్జి అయ్యేదాకా అతనికి ఆ నంబరే. "గుర్తుతెలియని స్త్రీ 1, గుర్తుతెలియని స్త్రీ 2" అని రాసుకుంటూ పోతే రాత్రి మూడింటికి ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కుతుంది. పేరు తెలిశాక కూడా పాత నంబరు తీసేయొద్దు, పేరును పక్కన చేర్చండి. కేస్‌షీట్ అడుగున చీర రంగు, గాజులు, మెట్టెలు, పుట్టుమచ్చ, పచ్చబొట్టు రాయడానికి నాలుగు గీతలు వదలండి. చుట్టాలు వచ్చి అడిగేది అవే.

ఫోన్ వచ్చాక మొదటి పదిహేను నిమిషాలు

ఫోన్ ఎత్తినవాళ్లు అడగాల్సినవి ఐదు: ఏం జరిగింది, ఎక్కడ, సుమారు ఎంతమంది, ఎలాంటి దెబ్బలు, మొదటి బండి ఎంతసేపట్లో వస్తుంది. చెప్తున్నవాళ్ల నంబరు తీసుకుని మళ్లీ ఫోన్ చేసి నిజమేనా అని తేల్చుకోవాలి. అప్పటికి లెక్క తప్పే ఉంటుంది, పర్వాలేదు.

తర్వాత వెంటనే క్యాజువాలిటీ ఖాళీ చేయాలి. అప్పటికే అక్కడున్న జ్వరాలవాళ్లు, పాముకాటు కేసు, ఛాతీ నొప్పి కేసు, అందరినీ పదిహేను నిమిషాల్లో వార్డులకు పంపేయాలి. కాగితాలు తర్వాత. ఏ వార్డు ఎంతమందిని తీసుకోవాలో ముందే ఒప్పందం ఉండాలి, ఆ క్షణాన "మా దగ్గర మంచాల్లేవు సిస్టర్" అనే మాట రాకూడదు. వార్డుల్లోనూ రేపో ఎల్లుండో ఇంటికి పోవాల్సినవాళ్లను ఇప్పుడే వరండాలోకి మార్చొచ్చు. థియేటర్లో మొదలైన ఆపరేషన్ పూర్తిచేస్తారు, కొత్తది మొదలుపెట్టరు.

మనుషులను పిలవడం గురించి ఒక మాట. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టి పిలిచామనుకుంటారు, రాత్రిపూట ఫోన్లు సైలెంట్‌లో ఉంటాయి. ఒక్కరు ముగ్గురికి, ఆ ముగ్గురు తొమ్మిది మందికి మామూలు కాల్ చేసే గొలుసు పెట్టుకోండి. పీజీ హాస్టల్‌కు, క్వార్టర్స్‌కు ఒక వార్డ్ బాయ్‌ను పరుగెత్తించండి. అందరినీ ఒకేసారి రప్పించకండి. సగం మందిని ఇంట్లో పడుకోనివ్వాలి, ఎందుకంటే ఎనిమిది గంటల తర్వాత, మొదటి బ్యాచ్ కళ్లు మూతలు పడుతున్నప్పుడు కూడా థియేటర్ నడుస్తూనే ఉంటుంది.

గుమ్మం దగ్గర

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఆ పచ్చబొట్టు పెద్దమ్మను పోగొట్టుకుంది ఇక్కడే. లోపలికి ఒకే దారి ఉండాలి. ఆ దారిలో ఒక సీనియర్, సర్జన్ కావచ్చు, ఎనస్థీషియా డాక్టర్ కావచ్చు, ఎమర్జెన్సీ డాక్టర్ కావచ్చు, నాలుగు రంగుల రిబ్బన్లు పట్టుకున్న నర్సుతో నిలబడాలి. ఒక్కొక్కరి మీద అర నిమిషం, మహా అయితే నిమిషం. ఈ ఏరివేతనే ట్రయాజ్ అంటారు. స్టార్ట్ అనే పద్ధతి 1983లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక ఆస్పత్రి, ఫైర్ డిపార్ట్‌మెంట్ కలిసి తయారుచేసింది, నేర్పడం తేలిక.

"నడవగలిగినవాళ్లంతా ఇటు రండి" అని గట్టిగా పిలవండి. లేచి నడిచినవాళ్లు ఆకుపచ్చ, వాళ్లు క్యాజువాలిటీలోకి అడుగు పెట్టకుండా నేరుగా ఓపీ హాలుకు. మిగిలినవాళ్లలో ఊపిరి లేకపోతే గడ్డం ఎత్తి దారి సరిచేసి చూడాలి. అప్పుడూ లేకపోతే నలుపు, వస్తే ఎరుపు. ఊపిరి ఉన్నా నిమిషానికి 30 దాటితే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి 2 సెకన్లకు మించి పట్టినా ఎరుపు. "చెయ్యి పిడికిలి బిగించమ్మా" అంటే చేయలేకపోతే ఎరుపు. ఇవన్నీ బాగుండి నడవలేనివాళ్లు పసుపు. పిల్లల్లో తేడా ఉంది, నాడి ఉండి ఊపిరి లేకపోతే నలుపు కట్టేముందు ఐదుసార్లు ఊపిరి ఊది చూడాలి. గుమ్మం దగ్గర చేసే వైద్యం రెండే, ఊపిరి దారి తెరవడం, ధార కడుతున్న రక్తాన్ని నొక్కి కట్టడం. కుట్లు, ఇంజెక్షన్లు ఏవీ అక్కడ కాదు.

భయంతో అందరికీ ఎరుపు కట్టేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. అరుస్తున్నవాళ్లకు ఎరుపు పడుతుంది, మాట్లాడకుండా పడున్నవాళ్లు వెనకబడతారు. అరిచేవాడికి ఊపిరి ఉందని అర్థం. చప్పుడు లేనివాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. రంగు ఒకసారి కట్టామని వదిలేయడానికీ లేదు, పదిహేను నిమిషాలకోసారి ఒకరు పసుపు, ఆకుపచ్చ వాళ్లందర్నీ తిరిగి చూడాలి. నడిచొచ్చిన కుర్రాడు ఓపీ బెంచీ మీద కూర్చుని గంటకు తెల్లబోయి పక్కకు ఒరిగితే, లోపల ప్లీహం చిట్లి ఉండొచ్చు.

నలుపు వాళ్లను గురించి కూడా చెప్పాలి. ఊపిరి ఆడుతున్నా బతికే ఆశ లేక నలుపులో చేరేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లను ఒక గదిలో పెట్టి తలుపు వేసేయకండి. నొప్పి తగ్గే మందు ఇచ్చి, ఒక నర్సును పక్కన కూర్చోబెట్టండి. ఎరుపు కేసుల రద్దీ తగ్గాక వాళ్లను మళ్లీ చూడాలి.

"మా వాణ్ణి ముందు చూడండి" అని ఒత్తిడి వస్తుంది. పెద్దవాళ్ల ఫోన్లు వస్తాయి. గుమ్మం దగ్గర డాక్టర్ చేతిలో ఫోన్ ఉండకూడదు, ఆ ఫోన్లన్నీ కమాండర్‌కు పోవాలి. పరామర్శకు వచ్చే ప్రజాప్రతినిధులను కలిసి వివరాలు చెప్పడానికి ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) స్థాయి మనిషిని, వేరే బ్లాకులో ఒక గదిని పెట్టండి. వాళ్లకూ సమాచారం కావాలి, అది మర్యాదగా ఇస్తే ర్యాంపు దగ్గరికి రావాల్సిన పని ఉండదు.

లోపల

ఎరుపు మంచానికి ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక పీజీ, ఒక వార్డ్ బాయ్ అంటుకుపోవాలి. థియేటర్‌కు గానీ ఐసీయూకి గానీ చేర్చేదాకా వదలకూడదు. ఒక డైరెక్షన్‌లోనే కదలాలి, సీటీ స్కాన్‌కు పోయిన పేషెంట్ మళ్లీ క్యాజువాలిటీకి రాకూడదు, అక్కడినుంచే ముందుకు పోవాలి. అందరికీ సీటీ, అందరికీ పూర్తి రక్తపరీక్షలు ఆ రోజు కుదరవు. పొట్టలో రక్తం ఉందో లేదో మంచం పక్కనే అల్ట్రాసౌండ్‌తో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. బాగా రక్తం పోతున్నవాళ్లకు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో ఎక్కించాలి, దెబ్బ తగిలిన 3 గంటల్లోపే దానివల్ల లాభం. థియేటర్లోనూ సర్జన్లు రక్తం ఆపి, మలినం శుభ్రం చేసి, పొట్ట తాత్కాలికంగా మూసి బయటికి పంపుతారు. మిగతా రిపేరు రేపో ఎల్లుండో. గంటలో అయ్యే ఆపరేషన్లు నాలుగు చేస్తే నలుగురు దక్కుతారు.

బాగా కాలినవాళ్లు, శిథిలాల కింద చాలాసేపు నలిగినవాళ్ల దగ్గర సెలైన్ త్వరగా మొదలవ్వాలి, మూత్రం ఎంత వస్తుందో గంటగంటకు రాయాలి. నలిగిన కండలోంచి వచ్చే మలినాలు కిడ్నీని దెబ్బతీస్తాయి కాబట్టి డయాలసిస్ యూనిట్‌కు ముందే చెప్పి ఉంచండి.

రక్తం గురించి జనానికి తెలియాల్సిన సంగతి ఉంది. ప్రమాదం వార్త వినగానే కాలేజీ కుర్రాళ్లు గుంపులుగా బ్లడ్ బ్యాంకుకు వస్తారు, చూస్తే కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ గంటలో పేషెంట్‌కు ఎక్కేది అప్పటికే ఫ్రిజ్‌లో ఉన్న రక్తం. కొత్తగా తీసినదానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయకుండా ఎవరికీ ఎక్కించరు, దానికి టైమ్ పడుతుంది. వచ్చినవాళ్ల పేరు, గ్రూపు, ఫోన్ నంబరు రాసుకుని, ఈరోజు కొందరిని, మూడోరోజు కొందరిని, వారానికి కొందరిని పిలవండి. ఎర్రకణాలు నెలకు పైగా నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. గ్రూపు తేలకముందే ఎక్కించాల్సి వస్తే మగవాళ్లకు ఓ పాజిటివ్ ఇవ్వొచ్చు, మన దగ్గర అరుదైన ఓ నెగటివ్‌ను పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు, ఆడపిల్లలకు దాచండి.

బయట నిలబడ్డవాళ్లు

ఒక్కో గాయపడ్డ మనిషి వెంట పదిమంది వస్తారు. ఊరు ఊరంతా ట్రాక్టర్లలో దిగుతుంది. "మా అవ్వ ఏడున్నది సారూ, ఒక్కమాట చెప్పున్రి" అని కనిపించిన ప్రతి తెల్లకోటునూ పట్టుకుంటారు. వాళ్లది తప్పని నేనెప్పుడూ అనను. ఏమీ తెలియకపోతే అద్దాలు పగులుతాయి, తెలిస్తే కూర్చుని ఏడుస్తారు.

క్యాజువాలిటీకి దూరంగా ఒక హాలు ఇవ్వండి. ఫ్యాన్లు, నీళ్లు, బాత్రూమ్, ఛార్జింగ్ పాయింట్లు. అక్కడ ఒక బోర్డు, అరగంటకోసారి కొత్త లిస్టు. కొత్త సమాచారం లేకపోయినా టైమ్ వేసి అదే లిస్టు మళ్లీ అంటించండి, ఎవరో పని చేస్తున్నారని తెలుస్తుంది. మనిషిని నిలబెట్టేటప్పుడు భాష చూడండి. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చినవాళ్లకు లంబాడీ మాట్లాడే సిస్టర్, ములుగు గూడేలవాళ్లకు కోయ తెలిసిన మనిషి, క్వారీల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లకు హిందీ, ఒడియా వచ్చినవాళ్లు. స్టాఫ్‌లో ఎవరికి ఏ భాష వచ్చో లిస్టు ముందే రాసిపెట్టుకోవచ్చు. చావు కబురు మాత్రం బోర్డు మీద రాయకండి, మైకులో చెప్పకండి. పక్క గదిలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, డాక్టరే చెప్పాలి. "సీరియస్‌గా ఉంది" అని గంటలు గడపొద్దు, "చనిపోయింది" అనే మాట నోటితో అనాలి.

శవాల దగ్గర తొందర పడకండి. నంబరు కవరు మీద కాకుండా ఒంటికే, కాలికో చేతికో కట్టాలి. ముఖం తుడిచి ఫొటో తీసి, ఆ ఫొటోలు ఒక్కొక్కటిగా చూపించి, పచ్చబొట్టు, నగలు సరిపోయాకే మనిషిని చూపించాలి. పంచనామా, పోస్ట్‌మార్టం పోలీసులు, ఫోరెన్సిక్ వాళ్లతో కలిసి వరుసగా. 2023 జూన్‌లో బాలాసోర్ రైలు ప్రమాదం తర్వాత ఎన్నో శవాలను డీఎన్‌ఏ పరీక్షలతో గానీ ఇళ్లకు పంపలేకపోయారు. ఒకరి తల్లిని ఇంకొకరు దహనం చేస్తే దాన్ని ఎవరూ సరిచేయలేరు. మీ మార్చురీలో ఎన్ని పడతాయో, దాటితే ఫ్రీజర్ పెట్టెలు ఎక్కడ అద్దెకు దొరుకుతాయో కార్డులో రాయండి.

డ్రిల్లు

ఏడాదికి రెండుసార్లు చేయండి, ఒకటి వానలకు ముందు, ఒకటి చలికాలంలో. మేడారం ఉన్న ఏడు ఆ రెండోది జాతరకు నెల ముందు. మొదటిసారి బల్ల చుట్టూ కూర్చుని, "పదింటికి ఫోన్ వచ్చింది, ఇప్పుడు నువ్వేం చేస్తావ్" అని ఒక్కొక్కర్ని అడిగితే చాలు, సగం లోపాలు అక్కడే బయటపడతాయి. తర్వాత నిజంగా చేయండి. నర్సింగ్ కాలేజీ పిల్లల మెడలో కార్డులు వేలాడదీయండి, "ఊపిరి 36, నాడి అందట్లేదు" అని. కొందరిని మాట్లాడొద్దనండి, ఇద్దరిని చుట్టాల్లా గొడవ చేయమనండి. ఫొటోల కోసం పగలు పదకొండింటికి చేసే డ్రిల్లుతో పెద్దగా తెలియదు, ఆదివారం రాత్రి చేసి చూడండి. ఒకరు వాచీ పట్టుకుని నాలుగు టైమ్‌లు రాయాలి: ఫోన్ నుంచి ప్రకటన దాకా, ప్రకటన నుంచి క్యాజువాలిటీ ఖాళీ అయ్యేదాకా, మొదటి ఎరుపు గుమ్మం నుంచి మంచం చేరేదాకా, బ్లడ్ బ్యాంక్ నుంచి మొదటి బ్యాగు వచ్చేదాకా.

డ్రిల్లు అయినా, నిజమైన రోజైనా, స్టాఫ్‌కు తిండి, టీ పంపే బాధ్యత ఒకరిది. స్వీపర్లు, ఆయాలు, మార్చురీ అటెండర్లు, అందరికీ. ఎనిమిది గంటలకు మించి ఎవర్నీ నిలబెట్టకండి. మర్నాడు అందరూ కలిసి కూర్చోవాలి, ఎవరిది తప్పు అని కాకుండా ఎక్కడ ఆగిపోయింది అని మాట్లాడాలి. పిల్లల శవాలు మోసిన కుర్రాడు వారం తర్వాత కూడా డ్యూటీకి రాకపోతే మెమో ఇవ్వకండి, ఇంటికి వెళ్లి పలకరించండి, సైకియాట్రీ డాక్టర్‌తో మాట్లాడించండి.

మా మొన్నటి రాత్రి డ్రిల్లులో ర్యాంపు మలుపు దగ్గర రెండు స్ట్రెచర్లు ఎదురెదురుగా వచ్చి చక్రాలు తగులుకుని ఆగిపోయాయి. మధ్యలో ఒక పాత పూలకుండీ ఉంది, ఎవరో ప్రారంభోత్సవానికి పెట్టింది. తెల్లారగానే దాన్ని తీయించి, గార్డు కార్డులో ఏడో లైను చేర్చాం: "ర్యాంపు మీద ఏ వస్తువూ పెట్టనివ్వొద్దు." పాత కార్డు చించేసి, కొత్తదాని అడుగున తేదీ వేసి అదే మేకుకు తగిలించాం.